వానలో దండేలు

దండేలు కోసేవాళ్లు మిట్టమధ్యాహ్నం వచ్చారు. దుప్పట్లు సగం ఆరి, సగం తడితో బరువుగా వేలాడే వేళ అది. ఉతుకు పని తెలిసినవాడెవడూ ఆ వేళలో దండెం జోలికి పోడు. వచ్చినవాళ్లకు ఆ పని తెలియదు, తెలుసుకోవలసిన అగత్యమూ లేదు. కంట్రాక్టరు కత్తులిచ్చి పంపాడు, వచ్చారు.

నిచ్చెన అప్పుడు డాబా మీదే ఉంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె ఒడ్డూ పొడుగూ చూసి ఎవరో ఆ పేరు పెట్టారు. ఎత్తు గడలకు తాడు కట్టాలంటే మిగతా ఆడవాళ్లు స్టూలు వెతుక్కుంటారు, ఆమె చెయ్యి చాపితే సరిపోతుంది. మొగుడు పోయాక కూడా ఆ ఇంట్లోనే అత్తతో, మరిదితో, తోటికోడలితో కలిసి ఉంటోంది. వీధి మొత్తానిదీ ఒకటే పని. కింద తొట్ల దగ్గర ఆసుపత్రి దుప్పట్లు ఉతుకుతారు, మెట్లెక్కి డాబాల మీద ఆరేస్తారు, మడతలు పెట్టి సాయంత్రానికి పంపిస్తారు.

“ఏయ్, ఎవర్రా మీరు? తడిబట్ట మీద కత్తి పెడతారేంట్రా?” అత్త ఒంటికాలి మీద లేచింది.

“తప్పుకో ముసలమ్మా. ఆర్డరు.”

“ఎవరి ఆర్డరు? అద్దె కడుతున్నాం. ఈ డాబా మాది.”

“డాబా నీదేలే. పైన గాలి కంపెనీది.”

అత్తకు నిజంగానే నవ్వొచ్చింది. “గాలి కంపెనీదా! మరి నేను పీల్చేది ఎవరిదిరా? అది కూడా కోసుకుపోతావా?”

ఆమె నవ్వు పూర్తి కాకముందే తాడు తెగింది. దుప్పట్లన్నీ ఒక్కసారిగా పిట్టగోడ మీదుగా జారి వీధిలో మురుగు కాలవలో పడ్డాయి. పక్క డాబా మీదా అంతే, ఆ పక్క డాబా మీదా అంతే. తెల్లారకముందు లేచి, సబ్బుకు ఒరిసిన చేతులతో ఉతికి, జాడించి, పిండిన బట్ట. కింద తొట్ల దగ్గరున్న ఆడవాళ్లు తలలెత్తి చూసి గొల్లుమన్నారు. నిచ్చెన మాత్రం అరవలేదు. తెగిన తాడు కొసని చేతికి చుట్టుకుని అలాగే నిలబడిపోయింది.

పోతూ పోతూ ఆ మనుషులు ప్రతి మెట్ల గదికీ ఒక బోర్డు కొట్టిపోయారు. ఇది గగన మార్గం, గడలూ తాళ్లూ నిషిద్ధం, అడ్డు కలిగించినవారు శిక్షార్హులు.

జరిగిందేమిటంటే, ఆకాశం అమ్ముడుపోయింది. అమ్మినవాళ్లు చెప్పకుండా ఏమీ అమ్మలేదు. ఆ ముందు వేసవిలో ఒక అధికారి వీధి చివర షామియానా వేయించి, తెర కట్టించి, బొమ్మలు చూపించి మరీ చెప్పాడు. ఇన్నాళ్లూ మనం నేలనొక్కదాన్నే నమ్ముకున్నామట. మన నెత్తిమీద కాస్త ఎత్తులో ఉన్న ఖాళీ అంతా ఊరికే వృథా అయిపోతోందట. ఇకమీదట అదే సంపదట. మందులు ఎగిరొస్తాయి, సరుకులు ఎగిరొస్తాయి, రేపోమాపో మనుషులే ఎగిరిపోతారు. దీన్ని తక్కువ ఎత్తు ఆర్థిక వ్యవస్థ అంటారు. ఎండైనా వానైనా ఈ యంత్రాలకు తేడా లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నిచ్చెన కూడా కొట్టింది. మందులు ఎగిరొస్తే మంచిదేగా అనుకుంది. ఆ వృథా అయిపోతున్న ఖాళీ తమ దుప్పట్లు ఆరే చోటేనని ఆ పూట ఎవరికీ తట్టలేదు.

వీధి చివర పాత గోడౌను డ్రోన్ల స్టేషన్ అయింది. పొద్దున మొదలు పొద్దుగుంకేదాకా యంత్రాలు బరువైన పెట్టెలు మోసుకుని, జుయ్యిమంటూ, డాబాలను రాసుకుంటున్నంత కిందుగా దిగేవి, ఎగిరేవి. జనం వాటికి కందిరీగలని పేరు పెట్టారు. ఇంకాస్త పైనుంచి పోవచ్చు కదా అంటే, పైన ఇంకో దారి ఉందన్నారు. అది ఎగిరే టాక్సీల దారి, పెద్దవాళ్లు కూర్చుని పోయేది. రోడ్ల మీద తేడాలు చాలవన్నట్టు గాలిలో కూడా పై వరస, కింది వరస పెట్టారు మహానుభావులు.

ఆ స్టేషన్లోనే మరిదికి పని దొరికింది. దిగిన యంత్రం కడుపులోంచి వేడి బ్యాటరీ ఊడలాగి కొత్తది తొడగడం వాడి పని. మొదటిరోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్తే తోటికోడలు గుమ్మంలో నిలబడి మురిసిపోయింది. వీధి వాడికి బ్యాటరీ అని పేరు పెట్టేసింది. కొన్నాళ్లకే వాడి అరచేతులు మాడి, చర్మం గట్టిపడి, అన్నం ముద్ద వేడి కూడా తెలియకుండా పోయింది. చేతి తొడుగులు అడిగితే, తొడుక్కుని ఊడదీసేలోపు ఇంకో యంత్రం దిగుతుందిరా అన్నాడు కంట్రాక్టరు.

దండేలు పోయాక దుప్పట్లు ఇళ్లలోకి వచ్చాయి. మంచానికీ కిటికీకీ మధ్య తాడు, తలుపుకీ పొయ్యికీ మధ్య తాడు. మనుషులు వంగి నడవాలి, వంగి వండుకోవాలి, చుక్కలు కారుతుంటే వాటి కిందే పడుకోవాలి. నిచ్చెనకైతే ఇంట్లో తలెత్తే వీలే లేకపోయింది. ఎండ తగలని దుప్పటి ఆరినా కంపు కొడుతుంది. ఆసుపత్రివాళ్లు మూటలు విప్పి, ముక్కు మూసుకుని, తిప్పి పంపారు. మళ్లీ ఉతికారు, మళ్లీ ఇంట్లోనే ఆరేశారు, మళ్లీ అదే కంపు. ఇలాగైతే వేరేవాళ్లను చూసుకుంటామని కబురు వచ్చింది. ఉతుకు పని పోతే ఈ వీధిలో ఉండి చేసేదేమీ లేదు. ఈ వీధి పోతే తలదాచుకునే చోటూ లేదు. నిచ్చెనకు ఇవి రెండూ కంటిమీద కునుకు లేకుండా చేశాయి.

అన్నిటికన్నా చంటిదాని దగ్గు. తోటికోడలి బిడ్డ. తేమ గోడల మధ్య పడుకుని పడుకుని దానికి జలుబు రొమ్ములోకి దిగింది. దగ్గీ దగ్గీ మొహం కందిపోయేది. ఆ దగ్గు వింటూ ఇద్దరు కోడళ్లూ పోట్లాడుకునేవారు.

“ఊరుకుంటే ఎలాగే? మళ్లీ కడదాం దండేలు. కోస్తే మళ్లీ కడదాం,” అనేది నిచ్చెన.

“నీకేం అక్కా, నీకెవరూ లేరు. కందిరీగలకి అడ్డం కడితే ముందు ఊడేది ఎవరి ఉద్యోగం? నా మొగుడిది. మీ దుప్పట్ల కోసం మేం రోడ్డున పడాలా?”

‘నీకెవరూ లేరు’ అన్న మాట నిచ్చెనకు ముల్లులా దిగబడింది. పైకి మాత్రం, “రోడ్డున పడటానికి ఇప్పుడు మేడలో ఉన్నామా ఏంటి!” అని లేచిపోయింది.

బ్యాటరీ ఇద్దరి మధ్యా కుక్కిన పేనులా పడి ఉండేవాడు. వాడు తిట్టేది తన చేతుల్నే.

మీటింగు తొట్ల దగ్గర జరిగింది. ఆదివారం సాయంత్రం, బండల మీద కూర్చున్నవాళ్లు కొందరు, తొట్ల గట్టు మీద కొందరు, మిగతావాళ్లు నిలబడే. ఆసుపత్రిలో ఊడ్చేవాళ్ల సంఘం నుంచి ఒకామె వచ్చింది. అందరూ యూనియనక్క అనేవారు. ఆమె వచ్చిందే కానీ, చాలాసేపు మాట్లాడలేదు, మాట్లాడనిచ్చింది.

“అర్జీ పెడదాం. కాళ్లావేళ్లా పడదాం. పెద్దవాళ్లతో మనకెందుకు?” అన్నాడు మూలింటాయన. ఆ వీధిలో అందరికన్నా ముందు ఇల్లు కట్టుకున్న మనిషి.

“పెట్టాంగా! తీసుకున్నవాడు మూతి కూడా తుడుచుకోడు ఆ కాగితంతో,” అంది అత్త.

“రాళ్లతో కొడదాం. ఒక్కటి కూలితే తెలిసొస్తుంది!” ఒక కుర్రకోడలు లేచింది.

“ఎవరి మీద కూలుతుందే? నీ నెత్తిమీదేగా!”

గోల మొదలైంది. ఒకళ్లు స్టేషన్లో పనిచేసేవాళ్లను తిట్టారు. “మీ చేతులతోనే ఎగరేస్తున్నారుగా వాటిని, సిగ్గులేదా?” అని బ్యాటరీ మొహం మీదే అడిగారు. వాడు రెండు అరచేతులూ తెరిచి చూపించాడు. మాడిన చర్మం చూసి అడిగినామె తలదించుకుంది.

అప్పుడు యూనియనక్క నోరు విప్పింది. “వీడి చేతులు కాల్చేదీ మీ తాళ్లు కోసేదీ ఒక్కడేనమ్మా. మీరూ మీరూ కొట్టుకుంటుంటే వాడు పైనుంచి చూసి నవ్వుకుంటాడు. నువ్వు చెప్పు బాబూ, ఆ యంత్రం ఎందుకు ఆగుతుంది?”

బ్యాటరీ పెళ్లాం వైపు చూశాడు. ఆమె చంటిదాన్ని భుజాన వేసుకుని వెనక నిలబడి ఉంది. బిడ్డ దగ్గింది, ఆగకుండా దగ్గింది, ఊపిరి అందక ఉక్కిరిబిక్కిరైపోయింది. జనమంతా వెనక్కి తిరిగారు.

“చెప్పు,” అంది తోటికోడలు. “చెప్పు, ఏమైతే అదయింది.”

“దానికి కళ్లున్నాయి,” అన్నాడు వాడు మెల్లగా. “ఎదురుగా గుడ్డలాంటిది కనపడితే ఆగిపోతుంది. కాసేపు అక్కడే తిరిగి వెనక్కి వెళ్లిపోతుంది. ఒక డాబా మీద కడితే పక్కనుంచి పోతుంది. అన్ని డాబాల మీదా కడితే ఇక పోయే దారే ఉండదు. కానీ ఒక్క సంగతి. తాడు కనపడదు దానికి. సన్నంగా ఉంటుంది కదా. గుడ్డ లేని ఉత్త తాడు ఉందనుకో, వచ్చి తగులుకుని పడిపోతుంది. కింద ఎవరుంటే వాళ్లు అంతే. దండెం కడితే మాత్రం బట్ట తీయకూడదు. తీస్తే తాడుతో సహా తీసేయాలి.”

“తీయం,” అన్నారు అందరూ. “తాడోపేడో తేలేదాకా తీయం.”

మర్నాడే కట్టారు. వీధిలో ఏ డాబా మీద చూసినా గడలు లేచాయి. నిచ్చెన ఒక డాబా నుంచి ఇంకో డాబాకు దాటుకుంటూ ముడులు వేసింది. ఆ వెనకే తడి దుప్పట్లు ఎక్కాయి. అడగకుండానే తోటికోడలు బిడ్డను పక్కింటామెకు అప్పగించి, మూట నెత్తిన పెట్టుకుని వచ్చింది.

“ఏమే, రోడ్డున పడతానన్నావు?” అంది నిచ్చెన.

“పడితే నీ పక్కనే పడతాలే అక్కా. నీ అంత పొడుగు మనిషి పక్కనుంటే నీడైనా ఉంటుంది.”

ఇద్దరూ నవ్వుకున్నారు. చాలా రోజుల తరువాత నవ్వు.

మొదటి కందిరీగ వచ్చింది. దుప్పట్ల ముందు ఆగింది. ఎడమకు జరిగింది, అక్కడా దుప్పటే. కుడికి జరిగింది, అక్కడా దుప్పటే. కాసేపు జుయ్యిమని వెనక్కి తిరిగిపోయింది. అన్ని డాబాల మీంచీ కేకలు లేచాయి. రెండోది వచ్చింది, మూడోది వచ్చింది, అన్నీ అంతే. స్టేషన్లోంచి లేచిన యంత్రాలు ముందుకు పోలేక మళ్లీ స్టేషన్లోకే దిగుతున్నాయి. అత్త నడుం మీద చేతులు పెట్టుకుని, “గాలి కంపెనీదన్నార్రా, మరి తీసుకుపోండిరా!” అని దిక్కులు పిక్కటిల్లేలా అరిచింది.

కంట్రాక్టరు జీపు దిగాడు. పోలీసులు దిగారు. ఇన్‌స్పెక్టరు మైకులో బతిమాలాడు, బెదిరించాడు, మళ్లీ బతిమాలాడు. ప్రాణం నిలిపే మందులు ఆగిపోతున్నాయి, మీకు మానవత్వం లేదా అన్నాడు. “ఆ మందులు వేసుకునేవాళ్లు పడుకునే దుప్పట్లే ఇవి,” అని ఎవరో పైనుంచి జవాబిచ్చారు. పోలీసులు మెట్లెక్కబోతే మెట్ల నిండా ఆడవాళ్లు కూర్చున్నారు. ఎండ నెత్తికెక్కింది. ఎవరూ దిగలేదు. నిచ్చెనకు తెలియకుండానే ధైర్యం వచ్చేసింది. గెలిచేశామనుకుంది.

మధ్యాహ్నం దాటాక గాలి మారింది. పడమట ఎప్పుడు మబ్బు పట్టిందో ఎవరూ చూడలేదు, అందరి కళ్లూ జీపుల మీదే ఉన్నాయి. నిచ్చెన చెంప మీద ఒక చుక్క పడింది. ఆపైన మోచేతి మీద ఇంకొకటి.

ఉతుకు పని చేసేవాళ్ల ఇళ్లలో పుట్టిన పిల్లలు అమ్మా అనడం ఎప్పుడు నేర్చుకుంటారో అప్పుడే వాన అనడం నేర్చుకుంటారు. ఆ మాట వింటే తింటున్నవాళ్లు తింటున్నట్టే లేస్తారు, పాలిస్తున్న తల్లి బిడ్డను దించి లేస్తుంది. పెళ్లిలో ఉన్నా చావులో ఉన్నా లేస్తారు. ఆలోచించి చేసే పని కాదది, కాళ్లు చేసే పని.

“వానా!” అని అరిచింది నిచ్చెన. “వానొస్తోంది! వానొస్తోంది!”

అంతే. ఆ కేక డాబా నుంచి డాబాకు పాకింది. మెట్ల మీద కూర్చున్నవాళ్లు పైకి ఉరికారు. ఎన్ని చేతులో, చకచకా దుప్పట్లు లాగేశాయి. ఎవరి మూట వాళ్లు గుండెలకు హత్తుకుని మెట్ల గదుల వైపు పరిగెత్తారు. రెప్పపాటులో వీధి మొత్తం బోడిదయింది. గడల మధ్య ఉత్త తాళ్లు మిగిలాయి.

నిచ్చెన మెట్ల గదిలో మూట దించి వెనక్కి చూసింది.

“తాళ్లు! ఓరి నాయనో, తాళ్లు! మళ్లీ వేయండి, బట్టలు మళ్లీ వేయండి!”

జుయ్యిమన్న చప్పుడు అప్పటికే వచ్చేసింది. తోటికోడలు డాబా మధ్యలో ఉంది. గాలికి ఎగిరిపోయిన చివరి దుప్పటిని పిట్టగోడ దగ్గర పట్టుకుని, తడవకుండా చెంగు కింద పెట్టుకుని పరిగెత్తుకొస్తోంది. కందిరీగ తాడుకు తగులుకుంది. తాడు సాగింది, గడ వంగింది, యంత్రం తలకిందులై, రెక్కలు తిరుగుతుండగానే, పెట్టెతో సహా ఆమె మీద పడింది.

“అక్కా” అన్నదో అనబోయిందో నిచ్చెనకు ఎప్పటికీ తెలియలేదు.

శవాన్ని తొట్ల దగ్గర బండల మధ్య పడుకోబెట్టారు. పైన కప్పినది ఆసుపత్రి దుప్పటే, ఆమె ఉతికినదే. వాన పడుతూనే ఉంది. చంటిది పక్కింటామె చంకలో దగ్గుతోంది. వీధి మొదట్లో మైకు అదే పనిగా అరుస్తోంది. తాళ్లు కట్టినవాళ్ల వల్లే ప్రాణం పోయింది, కట్టినవాళ్ల మీద హత్య కేసు పెడుతున్నాం, మర్యాదగా తాళ్లు విప్పినవాళ్ల జోలికి రాము. పుండు మీద కారం చల్లినట్టుంది ఆ గొంతు. మూలింటాయన తన డాబా ఎక్కి గడలు పీకడం మొదలుపెట్టాడు. ఇంకో ఇద్దరు ఆయన వెనక లేచారు. ఎవరూ ఆపలేదు. ఆపే ఓపిక ఎవరికీ లేదు.

నిచ్చెన లేచి నిలబడింది. ఆ మనిషి అంత కుంగిపోయి ఉండటం వీధిలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

“ముడులు వేసింది నేను,” అంది. “వాన అని అరిచిందీ నేనే. మరిది అంత చెప్పాడు, బట్ట తీయొద్దని. చెప్పినా అరిచాను. నేనే చంపుకున్నాను దాన్ని. నేను పోయి లొంగిపోతాను. మీరందరూ తాళ్లు విప్పేసుకోండి.”

అత్త లేచి వచ్చి కోడలి ఎదురుగా నిలబడింది. కొడుతుందనుకున్నారు.

“నువ్వు ఒక్కదానివే అరిచావా? నేను పరిగెత్తలేదూ? ఈ మోకాళ్లతో, నీకన్నా ముందు పరిగెత్తాను. ఇక్కడ పరిగెత్తనిది ఎవరో చెప్పమను!” కోడలి భుజం పట్టుకుని కుదిపింది. “వానకి పరిగెత్తబట్టేగా ఇంతమంది పిల్లల్ని పెంచాం. అది కూడా నేరమేనా?”

అప్పుడొచ్చాడు బ్యాటరీ. అతని వెనక స్టేషన్లో పనిచేసేవాళ్లంతా వానలో తడుస్తూ నిలబడి ఉన్నారు. పెళ్లాం పక్కన కూలబడ్డాడు, దుప్పటి తొలగించి మొహం చూశాడు, మళ్లీ కప్పాడు. వదిన వైపు తిరిగాడు. ఆ చూపు తట్టుకోలేక నిచ్చెన మొహం చేతుల్లో దాచుకుంది.

“నీ కేక నాకక్కడికి వినపడింది వదినా,” అన్నాడు. “అందరికీ వినపడింది. ఆ తరువాత ఏమైందో మీకు తెలీదు. యంత్రం కళ్లు చూపించే తెర మీద దుప్పట్లు పోయాయి. దారి ఖాళీ అయింది, పంపండి పంపండి అని కంట్రాక్టరు గంతులేశాడు. సార్, తాళ్లున్నాయి సార్, మనుషులున్నారు సార్ అన్నాను. యంత్రానికి కనపడ్డాయా అన్నాడు. లేదు సార్ అన్నాను. మరి నీకెందుకు కనపడుతున్నాయిరా అన్నాడు.”

అరచేతుల వంక చూసుకున్నాడు.

“తొడిగాను వదినా. ఆ బ్యాటరీ నేనే తొడిగాను. వాడు పంపమన్నాడు, నేను తొడిగాను, అది లేచింది. ఇంటి వైపే పోయింది.”

ఒక్కసారిగా ఏడ్చాడు. నిచ్చెన దగ్గరికి వెళ్లి వాడి తల పట్టుకుంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారు. కేకవేసిన మనిషి, బ్యాటరీ తొడిగిన మనిషి. వీధి మొత్తం చూస్తూ నిలబడింది. మైకు అరుస్తూనే ఉంది, తాళ్లు కట్టినవాళ్లే హంతకులు, తాళ్లు కట్టినవాళ్లే హంతకులు.

“వినండర్రా,” అంది యూనియనక్క. “మన వాన భయాన్నీ వాడుకున్నాడు, వీడి ఉద్యోగం భయాన్నీ వాడుకున్నాడు. కనపడి కూడా పంపినవాడి మీద కేసు లేదు. అది వినండి ముందు.”

మూలింటాయన పైన గడ పట్టుకుని ఆగిపోయాడు. కాసేపటికి ఆ గడను మళ్లీ దాని గుంతలోనే నిలబెట్టాడు.

“రేపు ఏం చేద్దాం?” ఎవరో అడిగారు.

“రేపూ వానే. ఈ మబ్బు ఇప్పట్లో వదలదు,” అంది అత్త. “వానలో ఎవరైనా బట్టలు ఆరేస్తారా?”

నిచ్చెన కళ్లు తుడుచుకుంది. “ఆరడానికి కాదుగా అత్తా,” అంది.

తెల్లవారింది. వాన ఆగలేదు. తోటికోడలిని సాగనంపి వచ్చిన మనుషులు ఇళ్లలోకి పోలేదు, మూటలు తీసుకుని తిన్నగా మెట్లెక్కారు. స్టేషన్ గేటు బయట పనివాళ్లు చేతులు కట్టుకుని వరసగా నిలబడ్డారు. లోపల బ్యాటరీలు తొడగడానికి కంట్రాక్టరు, అతని బావమరిది మిగిలారు. చేతులు కాలి వాళ్లు పెట్టే కేకలు వీధిలోకి వినపడుతున్నాయి. ఆ ఇద్దరూ కలిసి ఎలాగో నాలుగైదు యంత్రాలను లేపారు.

దండెం ముందు నిచ్చెన నిలబడింది. దుప్పటి చేతుల్లో ఉంది. చేతులు లేవడంలేదు. వాన కురుస్తుండగా బట్ట ఆరేయడమంటే ఆ చేతులకు పాపం కింద లెక్క. పక్క డాబా మీద ఒకామె దుప్పటి తాడు దాకా తెచ్చి, వేయలేక, మళ్లీ గుండెలకు అదుముకుంది. అత్త వలవలా ఏడుస్తోంది. “చెయ్యి రావడం లేదే, ఎలా వేయనే,” అంటోంది. నిచ్చెన కళ్లు గట్టిగా మూసుకుని దుప్పటి విసిరింది. తాడు మీద పడింది. నాలుగు మూలలా లాగి, క్లిప్పులు పెట్టి, ఇంకొకటి తీసింది. అత్త ముక్కు చీదుకుని తన మూట విప్పింది. ఆ పక్క డాబా మీదా పడింది, ఆ పై డాబా మీదా పడింది. నీళ్లోడుతూ, బరువుకి తాళ్లు కిందికి వంగిపోతూ, దుప్పట్లు వీధి పొడుగునా లేచాయి. కందిరీగలు వచ్చి, ఆగి, వెనక్కి తిరిగాయి.

ఇన్‌స్పెక్టరు తోసుకుని, లాఠీలతో దారి చేసుకుని పైకొచ్చాడు. “ముడులు కట్టింది ఎవరు?”

“నేనే,” అంది నిచ్చెన.

“నేను,” అంది అత్త. “నేను,” అంది కుర్రకోడలు. ముడి వేయడం చేతకాని మూలింటాయన కూడా మూడో డాబా మీంచి, “ఇవన్నీ నేను కట్టినవే!” అని అరిచాడు.

అయినా ఇన్‌స్పెక్టరు కాగితంలో ఉన్నది ఒకే మనిషి. పొడుగు మనిషి, దాచుకోవడానికి వీలు లేదు. చెరో రెక్కా పట్టుకుని మెట్ల మీద ఈడ్చుకుంటూ దించారు. గుమ్మంలో బ్యాటరీ చంటిదాన్ని ఎత్తుకుని నిలబడ్డాడు. “వదినా, ఇల్లు నేను చూసుకుంటా. నువ్వు బెంగపడకు,” అన్నాడు. ఆమె బిడ్డ తల నిమరబోతే చేతికి అప్పటికే బేడీ పడింది.

జీపు ఎక్కిస్తుంటే పడమట ఉరిమింది. గాలి కొట్టింది. వాన ఒక్కసారిగా కుండపోత అయింది. ఆ చప్పుడుకి నిచ్చెన కాళ్లు వాటంతటవే మెట్ల వైపు తిరిగాయి, పోలీసు వెనక్కి లాగాడు. భయంతో తలెత్తి చూసింది. డాబాల మీద ప్రతి దండెం పక్కనా ఒక మనిషి నిలబడి ఉంది. అత్త రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుని, ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకుని, పళ్లు బిగించి నిలబడి ఉంది. ఎవరూ పరిగెత్తలేదు.

“వానా!” అని అరిచింది నిచ్చెన జీపులోంచి, గొంతు చించుకుని. “వానొస్తోందర్రా!”

“రానీ!” అంది వీధి.

ఒక్క దుప్పటీ దిగలేదు.